సద్దిడబ్బాలో ఫ్లాపీలు

అచ్చంపేట నుంచి బల్మూర్ వచ్చే జీపుల్లో వెనక సీట్ల కింద రెండు పెద్ద స్పీకర్లుండేవి. లోపల పదిహేను మంది, పైన ఎరువు బస్తాలు, వెనక నిచ్చెన పట్టుకుని ముగ్గురు. డ్రైవర్ ఎడమచేత్తో క్యాసెట్టు మారుస్తూ కుడిచేత్తో బండి నడిపేవాడు. నాకు పాటతో పేచీ లేదు, స్పీకరుతోనే భయం. స్పీకరు వెనక అయస్కాంతం ఉంటుందని, ఫ్లాపీ దాని పక్కకు పోతే లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని నెట్ సెంటర్ అన్న నూరిపోశాడు. "పైలం తమ్మీ, స్పీకర్ల మీద కూసోకు" అనకుండా ఒక్కసారి కూడా పంపలేదు. అందుకని పొద్దున అమ్మ సద్ది కట్టిచ్చిన స్టీలు డబ్బాను కళాశాల నల్లా దగ్గర కడిగి, చొక్కా అంచుతో తుడిచి, ఫ్లాపీలను అందులో పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని వచ్చేవాణ్ని. స్టీలు డబ్బా అయస్కాంతాన్ని పెద్దగా ఆపదనీ, దూరంగా ఉండటమే దానికి మందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఈలోగా కొన్ని ఫ్లాపీలకు చింతతొక్కు వాసన పట్టేసింది.

ఆ డబ్బాలో నేను మోసుకొచ్చినవి జగడాలు. హ్యూస్టన్‌లో ఉన్నాయన హైదరాబాదులో ఉన్నాయనతో, న్యూజెర్సీ ఆవిడ బెంగళూరు కుర్రవాడితో పెట్టుకున్న మాటల జగడాలు. బండి ఱ ఉంచాలా తీసెయ్యాలా, అరసున్నతో ఇంకా పనుందా, 'సేవ్' అన్న మాటకు తెలుగేమిటి, తెలంగాణ మాట కాగితం మీదికొస్తే దాన్ని యాస అనాలా భాష అనాలా. ఒకరు అంటిస్తే పది రోజులపాటు నలభై మంది అందుకునేవారు. ఆ నలభై మందిలో నేను లేను. అక్కడ మంట చల్లారాక, ఇక్కడ మా ఇంటి మట్టిగోడల గదిలో కూర్చుని మొదటినుంచి చివరిదాకా నింపాదిగా చదివేవాణ్ని. 2003 నుంచి 2009 దాకా నా చదువులో ముప్పాతిక అదే. ఇప్పుడెవరికైనా చెబితే "ఆన్‌లైన్‌లో చదివితే అయిపోయేది కదా" అంటారు. ఆ మాటలో ఉన్న 'లైన్' మా ఇంటిదాకా రాలేదు.

బల్మూర్ అప్పటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లాలోకి మారాం. ఊరు ఉన్నచోటే ఉంది, చిరునామా జరిగింది. పల్లి, పత్తి, జొన్న. ఊరి బయటికి వస్తే నల్లమల గట్లు. కొండనాగుల వాళ్లయినా మేమైనా డిగ్రీకి, డాక్టరుకి, సినిమాకి అచ్చంపేటే పోవాలి. నేను డిగ్రీకి పోయాను. కళాశాలకంటే బస్టాండు దగ్గరి నెట్ సెంటరే ఎక్కువ చదువు చెప్పిందంటే మా లెక్చరర్లు నొచ్చుకుంటారేమో గానీ, అబద్ధం మాత్రం కాదు.

నెట్ సెంటర్ అంటే ఒక షట్టరు గది, మూడు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, గోడకు గడియారం. అందరూ కంప్యూటరును కాదు, ఆ గడియారాన్ని చూస్తూ కూర్చునేవారు. గంటకు ఇరవై రూపాయలు. మా ఊళ్లో ఒక రోజు కలుపు కూలి దాదాపు రెండు గంటల నెట్టుకు సరిపోయేది. మా అమ్మ కలుపుకు పోతుంది కాబట్టి ఆ లెక్క నా తలలోంచి పోయేది కాదు. అక్కడ కూర్చుని ఒక పేజీ చదవడమంటే నాలుగు సాళ్ల కలుపు తీయించినట్టు. కనుక చదవకూడదు. తెరవాలి, దాచుకోవాలి, లేవాలి.

తెరవడమూ అంత తేలిక కాదు. మోడెం ముందు టెలిఫోన్ నొక్కినట్టు టిక్కుటిక్కుమనేది, తర్వాత కీచుమనేది, తర్వాత తాచుపాములా బుసకొట్టి ఊరుకునేది. దాని పేరు 56 కిలోబిట్ల మోడెం. బిట్లను బైట్లలోకి మారిస్తే సెకనుకు ఏడు కిలోబైట్లు, అదీ కాగితం మీద. మా తీగల మీద అందులో సగమొస్తే పండగ. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఆ సగం వేగంతో ఒక ఫ్లాపీ నిండడానికి ఏడు నిమిషాలు. గంటలో మూడు ఫ్లాపీలు నింపి, మిగిలిన సమయంలో వచ్చే వారం ఏం తెచ్చుకోవాలో చూసుకుని లేస్తే గిట్టుబాటు.

ఈ పనిలో నైపుణ్యం మెల్లగా వచ్చింది. మొదట్లో 'సేవ్ యాజ్' నొక్కి వచ్చింది వచ్చినట్టు దాచేవాణ్ని. అలా చేస్తే పేజీ ఒకటి, దాని పక్కన బొమ్మలన్నీ ఉన్న ఫోల్డరు ఒకటి తయారవుతాయి. ఫోల్డరు నిండా ప్రకటనల బొమ్మలు, పువ్వుల అంచులు, నవ్వు మొహాలు. ఫ్లాపీలో సగం అవే తినేవి. తర్వాత పేజీ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటకట్టే ఏర్పాటొకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఉందని కనిపెట్టాను. ఆ తర్వాత ఇంకా తెలివొచ్చి, మాటలను మాత్రమే తీసి నోట్‌ప్యాడ్‌లో అతికించుకోవడం మొదలుపెట్టాను. పల్లికాయను పొలంలోనే తెంపి, కట్టెను అక్కడే వదిలి, కాయను మాత్రం ఇంటికి తెచ్చుకున్నట్టు. ఈ తెలివే ఒకరోజు కొంప ముంచింది; అది తర్వాత.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ మా మేనబావది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కూర్చినది. ఆయన కొత్తది కొనుక్కుని దీన్ని నాకిచ్చాడు. అమ్మ దాని మీద పాత నేత చీర కప్పేది. దుమ్ము కోసమని చెప్పేది గానీ, దిష్టి కోసమని నా అనుమానం. 2004లో రైతులకు ఉచిత కరెంటు వచ్చింది. రోజుకు ఏడు గంటలు, అదీ పగలు కొంత, రాత్రి కొంత. యాసంగి పల్లికి నీళ్లు పెట్టాలంటే అర్ధరాత్రి వచ్చే త్రీఫేజు కోసం మెలకువగా ఉండాలి. ఆ మెలకువ నా వంతు. నాయన ముందు గదిలో ముసుగు తన్ని పడుకుంటే నేను కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని. త్రీఫేజు వచ్చేటప్పుడు బల్బు ఒక్కసారి కొట్టుకుని తెల్లబడేది, యూపీఎస్ కీ కీ మనేది. ఆ కూతకు నాయన లేచి, "వచ్చినట్టుందిరా, బందుజెయ్యి" అని టార్చిలైటు అందుకునేవాడు. అరసున్న మీద వాదం మంచి పట్టులో ఉండగా ఎన్నోసార్లు అలా లేచి, అడవిపందులు తొక్కని మడి ఏదైనా మిగిలిందేమో చూసుకుంటూ బోరు దగ్గరికి నడిచాం. బోరు పోస్తున్నంతసేపూ నా బుర్రలో ఆ వాదమే నడిచేది. ఫలానా ఆయన దానికేం జవాబు చెప్పి ఉంటాడు? తెల్లారి ఇంటికెళ్లి చూస్తే, నేననుకున్న జవాబే ఎవరో చెప్పి ఉంటే చెప్పలేనంత సంతోషం. నాకంటే మూడు వారాల ముందే చెప్పి ఉన్నాడని తెలిసినా ఆ సంతోషం తగ్గేది కాదు.

ఫాంటుల బాధ ఈ తరానికి చెబితే కథలా వింటారు. అప్పట్లో తెలుగు పత్రికలకు ఎవరి ఫాంటు వారిది. ఇంగ్లీషు అక్షరాలుండే గూళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంటులవి. ఆ ఫాంటు మన కంప్యూటర్‌లో ఉంటే తెలుగు, లేకపోతే డాలరు గుర్తులు, కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు. పేజీని భద్రంగా తెచ్చుకుని, ఇంట్లో తెరిచి, ఆ పిచ్చిగీతలు చూసి తల పట్టుకున్న రాత్రులున్నాయి. తర్వాత నుంచి ముందు ఫాంటు, ఆ తర్వాతే పేజీ. పంటకు పోయేముందు గోనెసంచి చూసుకున్నట్టు. అన్ని లిపులకూ ఉమ్మడిదైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గూళ్లు కేటాయించారు గానీ, ఆ సంగతి అచ్చంపేటకు చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. నెట్ సెంటర్‌లో విండోస్ 98 ఉన్నన్నాళ్లు యూనికోడ్ తెలుగంతా వరసగా ఖాళీ డబ్బాలు. ఎక్స్‌పీ వచ్చాక గౌతమి అనే ఫాంటు దానితోనే వచ్చింది. అయినా సీడీ పెట్టి ఒకచోట టిక్కు కొట్టకపోతే గుణింతాలన్నీ విడిపోయి, కొమ్ము ఒకచోట, ఒత్తు ఒకచోట, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడేవి. తిరుమల కృష్ణదేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంటులు తెచ్చి పెట్టుకున్నాక కంటికి కొంచెం హాయి కలిగింది. పత్రికల ఫాంటులను యూనికోడ్‌లోకి మార్చి చూపించే 'పద్మ'ను నాగార్జున వెన్న చేశాడు. అది దొరికిన రోజు పండగే.

ఈ కథలో అసలు మనిషి నేను కాదు, మా తెలుగు పండిట్ సారు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు తెలుగు చెప్పి రిటైరైన సారు, సాయంత్రాలు ఇంటి అరుగు మీద కూర్చునేవారు. ఒకరోజు బండి ఱ గురించి నేను చదివింది చెబితే, "ఎవరాయన?" అన్నారు. అమెరికాలో ఇంజనీరన్నాను. "ఇంజనీరుకు ఱ తోటి ఏం పని?" అని నవ్వి, "రాసింది తెచ్చి చూపియ్యి" అన్నారు. అచ్చంపేట జిరాక్స్ దుకాణంలో పదకొండు కాగితాలు ప్రింటు తీయించి తెచ్చిచ్చాను. మర్నాడు పోయేసరికి ఆ పదకొండు కాగితాలూ పదో తరగతి జవాబు పత్రాల్లా ఎర్రసిరాతో నిండి ఉన్నాయి. ఒత్తు తప్పితే సున్నా చుట్టారు, సంధి తప్పితే అడ్డగీత గీశారు. ఒకచోట పక్కన 'భేష్' అని రాశారు. చివర్లో ఎవరికి ఎన్ని మార్కులో కూడా వేశారు. హ్యూస్టనాయనకు వందకు అరవై రెండు.

అప్పటినుంచి నెలకోసారి సారుకు ప్రింట్లు. ఆయన ఇంటర్నెట్ ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. రమ్మంటే "ఆ జీపు నాతోని గాదురా" అనేవారు. అయినా అందులో ఎవరెవరు ఏ స్వభావం వాళ్లో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఒకరు ఓడిపోతున్నప్పుడు సంస్కృతంలోకి దిగుతారని, ఇంకొకరు కోపమొచ్చినప్పుడు మర్యాద పెంచుతారని ఆయనే నాకు చెప్పారు. "గీమె నెమ్మదస్తురాలు గని, వదిలే మనిషి గాదు" అని న్యూజెర్సీ ఆవిడ గురించి అన్నది నూటికి నూరుపాళ్లూ నిజమని తర్వాతి ఫ్లాపీలో తేలింది.

సారు అరుగు మీదే నాకు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు ఊరి రచ్చకట్ట మీద పెద్దలు పంచాయితీ చేస్తుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. వినొచ్చు, నోరు తెరవకూడదు. తెరిస్తే "నీకేం ఎరుకరా పోరడా, ఇంటికి పో" అనేవారు. మూడు వారాలు ఆలస్యంగా నెట్టులో జగడాలు చదవడం కచ్చితంగా అదే. యాహూలో 'రచ్చబండ' అని ఒక తెలుగు బృందమే ఉండేది. ఆ పేరు పెట్టినవాళ్లు కట్ట మీది వాళ్లను తలుచుకునే పెట్టి ఉంటారు; కట్ట కింద నిలబడ్డ మాలాంటివాళ్లు వాళ్లకు కనపడే వీల్లేదు.

ఇలా మోసుకొచ్చుకుని చదవడం మా పేదరికం కనిపెట్టిన ఉపాయమనుకునేవాణ్ని. కాదట. 1980ల చివర్లో అమెరికాలో టెలిఫోన్ బిల్లుకు భయపడ్డవాళ్లు బులెటిన్ బోర్డులకు ఫోన్ కలిపి, కొత్త ఉత్తరాలన్నీ ఒక మూటగా దింపుకుని, ఫోన్ పెట్టేసి, ఇంట్లో చదువుకుని, జవాబులు రాసుకుని, మళ్లీ ఫోన్ చేసి ఎక్కించేవారు. ఆ మూటకు క్యూడబ్ల్యుకే అని పేరు. తెలుగువాళ్లు కూడా 1990ల మొదట్లో యూజ్‌నెట్‌లో సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చోట చేరి, తెర మీద తెలుగు లేని రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దానికొక పద్ధతి ఏర్పరిచారు: చిన్నబడి ఎన్ అయితే న, పెద్దబడి ఎన్ అయితే ణ, అలా రాసినదాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే రిట్ అనే సాఫ్ట్‌వేరూ చేశారు. నేను సారుకు ఆ ఇంగ్లీషక్షరాల తెలుగు చూపిస్తే ఒక పేజీ అతికష్టం మీద చదివి, కళ్లద్దాలు తీసి, "ఇంత కష్టపడి తెలుగు రాస్తుండ్రంటే వీళ్లకు మార్కులు తక్కువేసిన" అన్నారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. కొన్నేళ్లకు అందులో మండలాలకు, ఊళ్లకు పేజీలు పెట్టుకుంటూ వచ్చారు. ఒకరోజు మా బల్మూరు పేజీ కనపడింది. నాలుగు ముక్కలున్నాయో లేదో. అయినా దాన్ని ప్రత్యేకంగా ఒక ఫ్లాపీలో దాచుకున్నాను, ఊరిని సద్దిడబ్బాలో పెట్టుకుని ఊరికే తెచ్చుకున్నాను. నాయనను పిలిచి చూపించాను. ఆయన నిలబడే మొత్తం చదివాడు, అంత చిన్నదది. "గింతేనా? దీనికి ఇరవై రూపాయలా?" అన్నాడు. అక్కడ 'సేవ్' అన్న చోట 'భద్రపరచు' అని ఉండటం మీద సారుకు అభ్యంతరం. "భద్రపరచుడు కాయితాలకు. మనం దాచిపెట్టుకుంటం" అనేవారు. దాచుకోవడంలో మళ్లీ తీసి వాడుకునే ఉద్దేశం ఉందట. విత్తనానికి పల్లికాయ దాచినట్టు.

2006లో వీవెన్ 'లేఖిని' పెట్టాడు. పైన ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింద తెలుగు పడేది. ఆ పేజీనే సేవ్ చేసుకుంటే నెట్టు లేకుండా కూడా పనిచేస్తుందని తెలిసిన రోజున, దాన్నీ మోసుకొచ్చాను. అంటే ఇక మేమూ రాయొచ్చు. సారు అరుగు మీద చెబుతుంటే కాగితం మీద రాసుకుని, రాత్రి ఇంట్లో లేఖినిలో కొట్టి, ఫ్లాపీలో ఎక్కించి, అచ్చంపేటలో పంపొచ్చు. అక్షరాల లెక్క గురించి సారుకు భలే ఆశ్చర్యం. యూనికోడ్‌లో అక్షరం, దాని గుణింతం, పొల్లు వేరువేరు సంకేతాలనీ, ఒక్కో సంకేతం ఫైల్లో మూడేసి బైట్లు తింటుందనీ చెప్పాను. 'బల్మూర్' అంటే బ, ల, పొల్లు, మ, దీర్ఘం, ర, పొల్లు: ఏడు. ఇంగ్లీషులో రాసినా ఏడు అక్షరాలే, కానీ ఏడు బైట్లలో సరిపోతుంది; తెలుగులో ఇరవై ఒకటి. సారు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "మాత్రలు లెక్కబెట్టినట్టే ఉన్నదిరా ఇది" అన్నారు. తర్వాత కొన్నాళ్లు ఏ మాట దొరికినా దాని సంకేతాలు లెక్కపెట్టడం ఆయనకు ఆటైపోయింది.

సారు పంపిన ఒకే ఒక్క ఉత్తరం నల్లమల గురించి. ఎవరో ఒకాయన 'నల్లమల కొండలు' అని రాస్తే సారు దాని కింద రెండు గీతలు గీసి, "మల అంటెనే కొండ. తిరుమలల ఉన్నది గదే మల. నల్లమల కొండలంటే కొండ కొండలన్నట్టు" అన్నారు. అంతటితో ఆగేదే. అదే కాగితంలో ఇంకొకాయన, ఇందులో నల్ల అంటే నలుపు కాదు, తమిళంలో నల్ల అంటే మంచి, కాబట్టి నల్లమల అంటే మంచి కొండ అని వాదించాడు. సారుకు అది గుచ్చుకుంది. రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు నన్ను కూర్చోబెట్టుకుని చెప్పారు. అయ్యా, తమరెక్కడున్నారో నాకు తెలియదు, నేను బల్మూరులో ఉంటాను, అరవై ఏళ్లుగా ఆ కొండను చూస్తున్నాను, వానాకాలం సందెవేళ మీరు మా ఊరికి రండి, అది ఏ రంగులో ఉందో మీరే చెప్పండి: అదీ సారాంశం. వ్యాకరణం ఒక్క ముక్క లేదు. నాకది తేలిపోయినట్టనిపించి, "సారూ, ఏమన్న ఆధారం రాయాల్నేమో" అన్నాను. అరుగు మీదినుంచి చెయ్యి చాపి చూపించారు. జూలై నెల. మబ్బు కింద గట్లు కాటుక పెట్టినట్టున్నాయి.

ఉత్తరం పంపాను. రెండు వారాలకు మళ్లీ వెళితే జవాబొచ్చి ఉంది. ఆ రోజు అచ్చంపేటలో సంత, నెట్ సెంటర్ కిటకిటలాడుతోంది, నాకు దొరికింది పది నిమిషాలు. వర్షం పట్టింది, ఆఖరి జీపు హారన్ కొడుతోంది. చదవకుండా మొత్తం చర్చను తీసి నోట్‌ప్యాడ్‌లో అతికించి సేవ్ నొక్కాను. ఏదో ఇంగ్లీషులో అడిగింది. ఓకే అన్నాను. అదేమడిగిందో ఇప్పుడు బట్టీగా చెప్పగలను: ఇందులో యూనికోడ్ అక్షరాలున్నాయి, ఆన్సీగా దాస్తే అవి పోతాయి, సరేనా? సరే అన్నాను. ఇంట్లో యూటీఎఫ్‌-8 అని చూసుకుని చూసుకుని దాచే నేను, అక్కడ సరే అన్నాను.

రాత్రి తెరిస్తే పేజీల నిండా ప్రశ్నార్థకాలు. తెలుగు సంకేతం ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. ఇంగ్లీషులో ఉన్న పేర్లు, తేదీలు, కామాలు మాత్రం చెక్కుచెదరలేదు. సారుకు జవాబిచ్చిన మనిషి పేరు ఇంగ్లీషులో ఉంది కాబట్టి అదీ బతికింది. దాని పైన నాలుగు ప్రశ్నార్థకాలు, ఒక ఫుల్‌స్టాపు. అంతే. ఒక్క మాట జవాబు.

మర్నాడు పొద్దున్నే సారు అరుగు మీద కనిపెట్టుకుని ఉన్నారు. "ఏమన్నడురా?"

"నిజం అన్నడు సారూ" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని లోపలికి వెళ్లి చాయ్ పెట్టించారు.

మళ్లీ అచ్చంపేట పోయేసరికి ఆ చర్చలు జరిగే చోటు వేరే కంప్యూటర్ మీదికి మారింది. పాతవి కొత్తచోటికి రాలేదు. అప్పట్లో అది మామూలే. ఎవరి జేబు ఖర్చుతోనో నడిచేవి, జేబు ఖాళీ అయితే పోయేవి. సారుకు ఇంకేమీ చెప్పలేదు. ఆయన 2009లో పోయారు.

పెన్‌డ్రైవులు వచ్చాక ఏరి తెచ్చుకుని చదివే పద్ధతి చెడిందని నా నమ్మకం. ఫ్లాపీలో పట్టేదే కొంచెం కాబట్టి ఏది తేవాలో ఆలోచించి తెచ్చేవాణ్ని, తెచ్చింది వదలకుండా చదివేవాణ్ని. పెన్‌డ్రైవు వందల ఫ్లాపీల పెట్టు. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో మొదలయ్యాక, కొన్ని పథకాల్లో రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా ఎంత దింపుకున్నా లెక్క ఉండేది కాదు. నెట్ సెంటర్ అన్న షట్టరు దించి, హెచ్‌టీట్రాక్ అనే సాఫ్ట్‌వేరుకు చిరునామా చెప్పి ఇంటికి పోయేవాడు. తెల్లారేసరికి అది మొత్తం చోటును కొమ్మలు రెమ్మలతో సహా పీకి తెచ్చి పడేసేది. నా దగ్గర కుప్పలు పడ్డాయి. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక సంచికలన్నీ ఒకేసారి తెచ్చుకుని, అన్నీ ఉన్నాయి కదా అన్న ధీమాతో ఏడాదిపాటు ఒక్కటీ తెరవలేదు. ఇప్పుడు ఊళ్లో అందరి చేతిలో ఫోనుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా తగ్గింది, పంచాయితీలన్నీ ఫోన్లలోనే. నెట్ సెంటర్ ఉన్న షట్టర్లో ఫోన్ల బాగుసేత నడుస్తోంది.

ఆ రోజుల నాటి చర్చలు చాలామటుకు లేవు. ఎవరి పేజీలు వారు పెట్టుకునే జియోసిటీస్‌ను 2009లో మూసేశారు. యాహూ గ్రూపుల పాత ఉత్తరాలను 2019, 2020ల్లో తీసేసి, 2020 డిసెంబరు 15న తలుపులే మూసేశారు. యూజ్‌నెట్ తొలి పదేళ్ల మాటలు బతికాయంటే టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ అనే మనిషి వాటిని 141 అయస్కాంతపు టేపుల మీదికి ఎక్కించి దాచబట్టి. ఆయన దాచింది కూడా అయస్కాంతం మీదే. ఏ స్పీకరు పక్కన పెట్టకుండా ఎలా కాపాడాడో.

మొన్న ఉగాదికి ఊరెళ్లినప్పుడు మేనబావ కంప్యూటర్ విప్పి, పాత హార్డ్‌డిస్కు తీసి, కేబులొకటి తగిలించి నా ల్యాప్‌టాప్‌కు కలిపాను. తిరిగింది. పత్రికల పేజీలు కొన్ని మళ్లీ డాలరు గుర్తులై కూర్చున్నాయి, ఫాంటు కావాలి. బండి ఱ జగడం మొత్తం ఉంది. సారు ఉత్తరం, యూటీఎఫ్‌-8లో దాచింది, అక్షరం పొల్లుపోకుండా ఉంది. ప్రశ్నార్థకాల ఫైలూ ఉంది. అందులో తెలుగు లేదు గానీ, ఎవరు ఎక్కువ మాట్లాడారో, ఎవరు పొడిగా తేల్చేశారో వరసల పొడవును బట్టి తెలుస్తూనే ఉంది. కిందికి జరుపుకుంటూ పోయి ఆ నాలుగింటి దగ్గర ఆగాను. సారు ఆట గుర్తొచ్చింది. వేళ్లు మడిచాను. నిజం: న, గుడి, జ, సున్న. నాలుగు. నేను సారుకు అబద్ధం చెప్పలేదేమో అనిపించి చాలాసేపు ఊరుకున్నాను. తర్వాత ఆపుకోలేక ఇంకో మాట లెక్కపెట్టాను. కాదు: క, దీర్ఘం, ద, కొమ్ము.